తొలి కారుకు బీమా: రేటుతో పాటు పార్టీని కూడ చూడాలి

మిర్చి కొనే వర్తకుడు టిక్కీలో చేయి పెట్టి రంగు, తేమ చూడకుండా, తాలు ఎంత వున్నదో అంచనా కట్టకుండా రేటు చెప్పడు. అదే వర్తకుడు తొమ్మిది లక్షలు పెట్టి మొదటిసారిగా కారు కొన్ననాడు మాత్రం షోరూము గుమాస్తా చూపిన చోటల్లా సంతకాలు పెట్టి వస్తాడు. ఆ కాగితాలలో ఒకటి బీమా పాలసీ అనీ, దానికి ముప్పయి వేలకు పైబడిన సొమ్ము అప్పుడే చెల్లిపోయిందనీ ఇంటికి వచ్చి బిల్లు చూసుకున్న తర్వాత గాని తెలియదు. ఏ కంపెనీ, ఏ షరతులు అన్న ప్రశ్న మొదటి ప్రమాదం జరిగే వరకు తలెత్తదు.

ఈ బేరానికి ఒక ప్రత్యేకత వున్నది. సరుకు వ్యాపారంలో చాలవరకు సరుకు ముందు వెళ్తుంది, సొమ్ము గడువు మీద వస్తుంది. బీమాలో సొమ్ము మొత్తం ముందే చెల్లాలి. సరుకు, అనగా క్లెయిము, ఎప్పుడో అవసరమైననాడు డెలివరీ కావాలి. ఒక విధంగా కారు యజమానే కంపెనీకి అప్పు ఇచ్చినవాడు. అప్పు ఇచ్చేటప్పుడు పార్టీ పరపతి వాకబు చేయని వర్తకుడు యార్డులో వుండడు. బీమా దగ్గరకు వచ్చేసరికి ఆ వాకబు జరగడం లేదు.

కంట్రోలు రేటు, ఓపెన్ రేటు

కారు పాలసీ అనేది ఒకే కాగితంలో వున్న రెండు సరుకులు. మొదటిది థర్డ్ పార్టీ బీమా. కారు తగిలి ఎదుటివారికి ప్రాణనష్టం, గాయాలు, ఆస్తినష్టం కలిగితే యజమాని ఇవ్వవలసిన పరిహారాన్ని కంపెనీ భరిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ఇది లేకుండా కారు రోడ్డెక్కరాదు. చట్టానికి 2019లో జరిగిన సవరణ తర్వాత, బీమా లేని బండికి మొదటిసారి రు. 2,000, మళ్ళీ పట్టుబడితే రు. 4,000 జరిమానా. మూడు నెలల వరకు జైలుశిక్ష కూడ పడవచ్చు.

ఈ భాగం రేటు పూర్తిగా కంట్రోలు రేటు. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన నోటిఫికేషను ప్రకారం ప్రైవేటు కారు ఇంజను 1,000 సి.సి. వరకు అయితే సాలుకు రు. 2,094, 1,000 నుంచి 1,500 సి.సి. వరకు రు. 3,416, 1,500 దాటితే రు. 7,897. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలన్నది సుప్రీంకోర్టు ఆదేశాల ఫలితంగా 2018 సెప్టెంబరు 1 నుంచి అమలులో వున్న నిబంధన. అదే నోటిఫికేషనులో మూడేళ్ళకు వరుసగా రు. 6,521, రు. 10,640, రు. 24,596గా నిర్ణయించారు. ఎలక్ట్రిక్ కార్లకు ఇందులో 15 శాతం తగ్గింపు వున్నది. దీనిమీద 18 శాతం జి.ఎస్.టి. అదనం.

కనుక "మా దగ్గర థర్డ్ పార్టీ చవక" అని ఎవరైనా ఏజంటు చెబితే ఆ మాట వినవలసిన పని లేదు. ఏ కంపెనీలోనైనా ఆ అంకె ఒక్కటే.

రెండవది ఓన్ డామేజి, అనగా మన కారుకే జరిగే నష్టం. ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద, తుఫాను ఇందులోకి వస్తాయి. ఇది ఓపెన్ మార్కెట్టు సరుకు. కంపెనీల మధ్య పోటీ అంతా ఇక్కడే.

ఈ పోటీ అంత పాతది కాదు. 1973 జనవరి 1న సాధారణ బీమా జాతీయమైనప్పుడు 107 సంస్థలను కలిపి నాలుగు కంపెనీలుగా చేశారు: కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా. నాలుగింటికీ ఒకటే టారిఫ్. 2000లో ప్రైవేటు కంపెనీలకు మళ్ళీ లైసెన్సులు ఇచ్చినా, ఓన్ డామేజి రేటును కంపెనీలకు వదిలింది 2007 జనవరి 1 నుంచి. అంతకు ముందు కారు కొన్న తండ్రులకు ఎంచుకునే శ్రమ లేదు. ఇప్పుడు కొంటున్న కొడుకుల ముందు ఇరవైకి పైగా కంపెనీలు వున్నవి. తండ్రి అనుభవం ఈ విషయంలో కొడుకుకు పెద్దగా ఉపకరించదు.

రకం కలవకుండా రేటు కలపరాదు

కొత్తగా కొనేవారిని ఎక్కువగా మోసపుచ్చేది కొటేషను చివరి వరసలో వుండే అంకె. తేజ రకానికీ 341 రకానికీ రేటు పక్కపక్కన పెట్టి ఏది చవక అని అడిగితే యార్డులో నవ్వుతారు. బీమా కొటేషన్లలో నిత్యం జరుగుతున్నది అదే.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. కారు కంపెనీ ప్రకటించిన ధర రు. 9,00,000. ఇంజను 1,197 సి.సి. మొదటి కంపెనీ కొటేషనులో బీమా విలువ రు. 8,55,000; ఓన్ డామేజి ప్రీమియం రు. 14,500, తరుగు లేని కవరుకు రు. 3,500, మూడేళ్ళ థర్డ్ పార్టీ రు. 10,640. మొత్తం రు. 28,640. పన్నుతో సుమారు రు. 33,795. రెండవ కంపెనీ కొటేషను పన్నుతో రు. 27,423. చూడగానే రు. 6,372 ఆదా. షోరూములో నిలబడి వున్న మనిషి రెండవదానికే మొగ్గుతాడు.

ఆ కాగితం పైభాగం చదివితే కథ వేరు. అందులో బీమా విలువ రు. 7,70,000 మాత్రమే. ఓన్ డామేజి రు. 12,600. తరుగు లేని కవరు అసలు లేదు. విలువను రు. 8,55,000కు పెంచమంటే ఓన్ డామేజి ఆ నిష్పత్తిలో రు. 13,990 అవుతుంది. తరుగు లేని కవరుకు ఆ కంపెనీ రు. 4,200 అడిగిందనుకుంటే పన్నుతో మొత్తం రు. 34,019. ఇప్పుడు మొదటి కంపెనీయే రు. 224 చవక. అంకెలు ఉదాహరణకే గాని, కొటేషన్లు తారుమారయ్యే తీరు ఇదే.

బీమా విలువను ఐ.డి.వి. అంటారు. కారు దొంగతనానికి గురైనా, బాగుచేయడానికి వీలులేనంతగా దెబ్బతిన్నా కంపెనీ ఇచ్చే మొత్తానికి అదే ఆధారం. మరమ్మతు ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతం దాటితే కారు పూర్తిగా పోయినట్లే లెక్క. పాత టారిఫ్ పట్టిక ప్రకారం ఆరు నెలల లోపు కారుకు ప్రకటిత ధరలో 5 శాతం, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, అయిదేళ్ళ లోపు 50 శాతం తీసివేస్తారు. కంపెనీలు ఇప్పటికీ దీనినే ఆధారంగా పెట్టుకుని కొంత అటు ఇటు జరుపుతాయి. కిందికి జరిపితే ప్రీమియం చవకగా కనబడుతుంది.

కోల్డు స్టోరేజిలో సరుకుకు అగ్నిబీమా చేయించే వర్తకులకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. సరుకు విలువకు తక్కువగా బీమా చేస్తే ఏవరేజి క్లాజు కింద చిన్న నష్టానికి కూడ దామాషాలో కోత పడుతుంది. కారు పాలసీలో ఆ క్లాజు లేదు. ఐ.డి.వి. తక్కువ పెట్టినందువల్ల బంపరు మరమ్మతు బిల్లులో కోత రాదు. పూర్తిగా పోయిననాడు మాత్రం పై ఉదాహరణలో రు. 85,000 తక్కువ చేతికి వస్తుంది. కారు బాంకు అప్పు మీద కొన్నదైతే, పూర్తి నష్టపు సొమ్ములో మొదటి హక్కు బాంకుది. బాంకు బాకీ తీరగా మిగిలిన దానిలోనే ఈ తగ్గుదల కనబడుతుంది.

కాటా మీద తరుగు

యార్డులో తరుగు లెక్క తెలియనివారు లేరు. కారు పాలసీలోనూ తరుగు వున్నది. మరమ్మతులో కొత్త భాగం వేస్తే, పాత దానికి బదులు కొత్తది వచ్చింది కాబట్టి కొంత యజమానే భరించాలన్నది సూత్రం. రబ్బరు, నైలాను, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బాటరీ, ఎయిర్‌బాగులకు 50 శాతం. ఫైబర్‌గ్లాసుకు 30 శాతం. అద్దాలకు తరుగు లేదు. లోహపు భాగాలకు మొదటి ఆరు నెలలు ఏమీ లేదు. తర్వాత వయసును బట్టి 5 శాతం నుంచి మొదలై పదేళ్ళు దాటిన కారుకు 50 శాతం వరకు పోతుంది.

నేటి కార్లలో ముందు వెనుక బంపర్లు, గ్రిల్లు, దీపాల చట్రాలు, అద్దాల తొడుగులు అన్నీ ప్లాస్టిక్కే. చిన్న ప్రమాదంలో ముందుగా పగిలేవీ అవే. ప్లాస్టిక్ భాగాల బిల్లు రు. 24,000 అయితే అందులో రు. 12,000 కొత్త కారు యజమాని జేబు నుంచే పోతుంది. ఇందుకు తోడు ప్రతి క్లెయిములో తప్పనిసరి మినహాయింపు 1,500 సి.సి. వరకు రు. 1,000, దాటితే రు. 2,000 వున్నది. "జీరో డిప్రిసియేషన్" లేక "బంపర్ టు బంపర్" అనే అదనపు కవరు ఈ తరుగును తొలగిస్తుంది. తప్పనిసరి మినహాయింపును తొలగించదు. కొత్త కారుకు మొదటి మూడు నాలుగేళ్ళు దీనికి పెట్టే ఖర్చు దండగ అనడానికి లేదు. కారు నడపడం ఇప్పుడే నేర్చుకున్నవారికి అయితే మరీను. అయితే సాలుకు ఎన్ని క్లెయిములకు ఇది వర్తిస్తుందో కంపెనీకొక రకం. కొందరు రెండింటికే పరిమితం చేస్తారు. అడిగి తెలుసుకోవలసినది అది.

తతిమ్మా అదనపు కవర్ల జాబితా పొడుగైనది. అందులో ఇంజను కవరు ఒక్కటి విడిగా చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో వున్నవి. అటు ఖమ్మంలో మున్నేరు ఇళ్ళమీదికి వచ్చింది. థర్డ్ పార్టీ మాత్రమే వున్న కార్లకు అటువంటప్పుడు ఏమీ రాదు. ఓన్ డామేజి వున్నవారికి వరద నష్టం వర్తిస్తుంది గాని, నీరు చేరిన కారును స్టార్టు చేయగా ఇంజను పట్టేస్తే, అది వరద వల్ల కాదు, తర్వాత చేసిన పని వల్ల అని కంపెనీ అభ్యంతరం చెబుతుంది. ఇంజను కవరు ఆ లోటును పూడుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టా పట్టణాలలో వుండేవారికీ, కారును సెల్లారులో పెట్టే హైదరాబాదు వారికీ దీని అవసరం ఎక్కువ. కొండవాలు మీద ఇల్లు వున్నవారు వదిలివేసినా నష్టం లేదు. కవరు వున్నా లేకపోయినా మునిగిన కారుకు తాళం తిప్పరాదు. లారీ మీద వర్కుషాపుకు చేర్చాలి.

మచ్చుకు సరే, సరుకుకు కాదు

వర్తకులు ప్రత్యేకంగా చదువుకోవలసిన వాక్యం పాలసీలో ఒకటి వున్నది. దానిని సాధారణంగా ఎవరూ చూడరు. "వాడకంపై పరిమితులు" అనే శీర్షిక కింద వుంటుంది. ప్రైవేటు కారును బాడుగకు తిప్పరాదు, పందేలకు వాడరాదు, మోటారు వ్యాపారానికి సంబంధించిన పనులకు వాడరాదు అంటూ, వాటితో పాటు సరుకు రవాణాకు వాడరాదని చెబుతుంది. ఆ వెంటనే మినహాయింపు: మచ్చులు, వ్యక్తిగత సామాను తీసుకువెళ్ళవచ్చు.

ఈ వాక్యం రాసినవారు ఎప్పుడో వ్యాపారుల తరహా తెలిసినవారే అయివుండాలి. దుగ్గిరాల పసుపు మచ్చు సంచి పట్టుకుని కొనుగోలుదారు దగ్గరకు కారులో వెళ్ళవచ్చు. పత్తి మచ్చు, అపరాల మచ్చు, బెల్లపు దిమ్మ ఒకటి చూపించడానికి తీసుకువెళ్ళవచ్చు. వెనుక సీటు మడిచి నాలుగు టిక్కీలు వేసుకుని పార్టీకి డెలివరీ ఇవ్వడానికి బయలుదేరితే మాత్రం అది సరుకు రవాణా. దారిలో ప్రమాదం జరిగి సర్వేయరు వచ్చేసరికి రోడ్డుమీద మిర్చి పరచివుంటే, కారు నష్టపు క్లెయిమును నిరాకరించడానికి కంపెనీకి కారణం దొరికినట్లే. లారీ దొరకలేదనో, ఆటో కిరాయి కలిసివస్తుందనో చేసే ఈ పని మార్కెట్టు పట్టణాలలో సర్వసాధారణం. రెండు మూడు వందల కిరాయి కోసం ఎనిమిదిన్నర లక్షల కవరును పందెం పెట్టడం ఏ లెక్కలోనూ కిట్టదు.

కారులో పెట్టిన నగదు కూడ ఈ పాలసీలోకి రాదు. సాయంత్రం వసూళ్ళ సొమ్ము డాష్‌బోర్డులో పెట్టుకుని ఇంటికి వచ్చే అలవాటు వున్నవారు, అద్దం పగలగొట్టి సొమ్ము ఎత్తుకుపోతే అద్దానికి మాత్రమే క్లెయిము వస్తుందని తెలుసుకోవాలి. నగదు రవాణాకు వేరే పాలసీలు వున్నవి.

డ్రైవరు విషయం మరొకటి. యార్డు హమాలీనో, దుకాణంలో కుర్రవాడినో "కారు తీసుకురా" అని పంపే ముందు అతని లైసెన్సు చూడాలి. చెల్లుబాటు లైసెన్సు లేనివారు నడపగా ఎవరికైనా ప్రాణనష్టం జరిగితే, బాధితులకు ముందు కంపెనీ చేతనే పరిహారం ఇప్పించి, ఆ సొమ్మును తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవచ్చునని కోర్టులు తీర్పులు ఇచ్చివున్నవి. అటువంటి పరిహారాలు లక్షలలో వుంటాయి. జీతానికి డ్రైవరును పెట్టుకున్నవారు స్వల్ప అదనపు ప్రీమియంతో అతని తరఫు బాధ్యతను కూడ పాలసీలో చేర్చుకోవచ్చు.

కారు ఎవరి పేర

వ్యాపారస్తులలో చాలమంది కారును సంస్థ పేర కొంటారు. బీమా దగ్గర దీని ప్రభావం వున్నది. యజమానే నడుపుతూ మరణిస్తే 15 లక్షల రూపాయలు వచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి అంశం. 2019 జనవరి నుంచి దానిని విడిగా కూడ తీసుకోవచ్చు. అయితే కారు భాగస్వామ్య సంస్థ పేరనో, కంపెనీ పేరనో వుంటే "యజమాని డ్రైవరు" అనే మనిషి వుండడు గనుక ఈ కవరు ఇవ్వరు. అటువంటివారు ప్రమాద బీమా వేరుగా చూసుకోవాలి. క్లెయిము లేని ఏళ్ళకు వచ్చే బోనసు కూడ సంస్థదే గాని, నడిపిన భాగస్వామిది కాదు. విడిపోయిననాడు దానిని వెంట తీసుకుపోలేడు.

జి.ఎస్.టి. రిటర్నులు వేసే వర్తకులు ప్రీమియం మీద కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చునని కొందరు ఏజంట్లు చెప్పడం కద్దు. 13 సీట్ల లోపు మనుషులు ప్రయాణించే వాహనాలకు బీమా, మరమ్మతులపై క్రెడిట్‌ను చట్టం 17(5) సెక్షను సాధారణంగా నిరోధిస్తున్నది. ఆ పన్నును ఖర్చుగానే లెక్క వేసుకోవాలి.

పార్టీ వాకబు

ఇక కంపెనీ ఎటువంటిది అన్న ప్రశ్న. దీనికి అచ్చు కాగితాలలో దొరికే జవాబులు కొన్ని, ఊరిలో విచారిస్తే తెలిసేవి కొన్ని.

అచ్చులో చూడవలసినది చెల్లింపు స్థోమత నిష్పత్తి, అనగా సాల్వెన్సీ. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం గల బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. నిబంధన ప్రకారం ఇది కనీసం 1.5 వుండాలి. 2023-24 లెక్కలలో ప్రభుత్వరంగంలోని నాలుగింటిలో న్యూ ఇండియా తప్ప మిగతా మూడు ఈ మట్టానికి దిగువన వున్నవి. ప్రభుత్వం యజమానిగా వున్నందున వాటి పాలసీదారుల సొమ్ముకు ముప్పు వున్నదని ఎవరూ అనడం లేదు. అయినా అంకె అంకెయే. ప్రభుత్వ కంపెనీ అన్న ఒక్క మాటతో విచారణ ఆపరాదు. ప్రైవేటు కంపెనీ ప్రకటన ఆర్భాటం చూసీ ఆపరాదు.

వసూలైన ప్రీమియంలో క్లెయిములకు పోయిన వంతును తెలిపే నిష్పత్తి మరొకటి. దీనిని చూపి "మేము నూటికి ఇంత చెల్లిస్తున్నాము" అని ప్రచారం చేసేవారు వున్నారు. అది అందరి క్లెయిముల మొత్తపు లెక్క. ఒక్కొక్కరి క్లెయిము ఎన్ని రోజులలో తీరిందో, ఎంత కోతపెట్టారో అది చెప్పదు. ఈ నిష్పత్తి బాగా ఎక్కువగా వుంటే కంపెనీ నష్టంలో అమ్ముతున్నదని, వచ్చే ఏడు రేటు పెంచవచ్చునని అర్థం చేసుకోవాలి.

ఊరిలో విచారణ ఇంతకంటె ఉపయోగకరం. కారును బాగుచేసే వర్కుషాపుకు వెళ్ళి, బాడీ పని చూసే మేనేజరును నేరుగా అడగవచ్చు: ఏ కంపెనీ సర్వేయరు పిలిచిన మరునాడు వస్తాడు, ఏ కంపెనీ అనుమతి వారంపాటు రాదు, ఎవరు ప్రతి బోల్టుకు కోత పెడతారు. రోజూ పది క్లెయిములు చూసే ఆ మనిషికి తెలిసినంత ఏ ప్రకటనలోనూ వుండదు. నగదు చెల్లించకుండా మరమ్మతు జరిగే నెట్‌వర్కు గారేజి తమ ఊరిలోనే వున్నదా అన్నది మరొక ప్రశ్న. దేశం మొత్తంమీద వేల గారేజీలు అని కంపెనీ చెప్పవచ్చు. చిలకలూరిపేటలోనో, ఆదోనిలోనో వున్న వర్తకునికి కావలసినది తన ఊరి గారేజి, లేదా తాను వారానికోసారి ఎలాగూ వెళ్ళే గుంటూరు, కర్నూలు గారేజి. అది జాబితాలో లేకపోతే మరమ్మతు సొమ్ము ముందు తానే కట్టి, తర్వాత కంపెనీ చుట్టూ తిరగవలసి వుంటుంది.

ఎవరి ద్వారా కొనాలి అన్నది ఆ తర్వాతి మాట. షోరూము డీలరు ద్వారా తీసుకుంటే క్లెయిము పని ఆ వర్కుషాపులోనే సాఫీగా నడుస్తుందన్న సౌకర్యం నిజమే. అయితే అక్కడే తీసుకోవాలన్న నిర్బంధం ఏదీ లేదు. డీలరు అమ్మే పాలసీలో డీలరుకు దస్తూరీ వుంటుంది. తప్పుపట్టవలసినది ఏమీ లేదు, దస్తూరీ లేకుండా ఎవరూ పని చేయరు. 2023 ఏప్రిల్ నుంచి కమీషనుకు విడివిడి గరిష్ఠ పరిమితులు తీసివేసి, కంపెనీ మొత్తం నిర్వహణ ఖర్చుకే పరిమితి పెట్టారు. కాబట్టి బయటి కొటేషను రెండు చేతిలో పెట్టుకుని వెళ్తే షోరూము రేటు కూడ కొంత దిగుతుంది. ఏజంటు కంపెనీ మనిషి. సాధారణంగా ఒక్క జనరల్ ఇన్స్యూరెన్సు కంపెనీకే పనిచేస్తాడు. లైసెన్సు పొందిన బీమా బ్రోకరు చట్టరీత్యా కొనేవారి పక్షం. నేరుగా కంపెనీ నుంచి ఫోను మీద కొంటే కొంత చవక రావచ్చు, క్లెయిమునాడు పక్కన నిలబడేవాడు మాత్రం వుండడు.

ఎవరి ద్వారా కొన్నా అరువు బేరం కుదరదు. బీమా చట్టం 64-వి.బి. సెక్షను ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే కంపెనీపై బాధ్యత మొదలు కాదు. "మీరు తెలిసినవారే, సొమ్ము సోమవారం పంపండి" అని ఏజంటు అన్న శనివారం సాయంత్రం ప్రమాదం జరిగితే ఆ మాటకు విలువ లేదు. చెక్కు తిరిగి వస్తే కవరు నిలబడదు.

క్లెయిము వేయకపోవడం కూడ లెక్కే

కొత్త కారు యజమానులు మొదటి గీతకే క్లెయిము వేస్తారు. వేయక ముందు బోనసు లెక్క చూసుకోవాలి. క్లెయిము లేని ఒక ఏడాదికి ఓన్ డామేజి ప్రీమియంలో 20 శాతం తగ్గింపు. రెండేళ్ళకు 25, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, అయిదేళ్ళకు 50 శాతం. ఓన్ డామేజి ప్రీమియం రు. 13,000 అయితే మొదటి ఏటి బోనసు పన్నుతో కలిపి రు. 3,068. మరమ్మతు బిల్లు రు. 4,500 వచ్చి, మినహాయింపు, తరుగు పోగా కంపెనీ ఇచ్చేది మూడు వేలయితే, క్లెయిము వల్ల లాభం లేదు. పైగా మెట్టు మళ్ళీ మొదటి నుంచి ఎక్కాలి. ఈ బోనసు మనిషిది, కారుది కాదు. ఈ కారు అమ్మి మరొకటి కొన్నా, కంపెనీ మార్చినా వెంట వస్తుంది. అయితే పాత కారు కొన్నవారికి అమ్మినవారి బోనసు రాదు. పాత కారు కొన్నవారు 14 రోజులలోగా పాలసీ తమ పేర మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి.

క్లెయిము విషయంలో అన్యాయం జరిగిందని తోస్తే ముందు కంపెనీకి రాతమూలకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఏడాదిలోగా వెళ్ళవచ్చు. రుసుము లేదు. లాయరు అవసరం లేదు. 50 లక్షల రూపాయల వరకు తీర్పు చెప్పే అధికారం వున్నది. వ్యక్తులకే గాక ఏకవ్యక్తి యాజమాన్య సంస్థలకూ, సూక్ష్మ సంస్థలకూ ఈ అవకాశం వున్నందున దుకాణం పేర కారు వున్న చిన్న వర్తకులు కూడ దీనిని వాడుకోవచ్చు.

మొదటిసారి కొన్నవారు పొరబడే చోటు మరొకటి మిగిలింది. మూడేళ్ళకు సొమ్ము కట్టాము కదా అని ఊరుకుంటారు. మూడేళ్ళది థర్డ్ పార్టీ భాగం మాత్రమే. ఓన్ డామేజి సాధారణంగా ఒక్క ఏడాదికే. ఏడాది కాగానే దానిని అదే కంపెనీలో గాని, థర్డ్ పార్టీ భాగాన్ని అక్కడే వుంచి మరొక కంపెనీలో గాని తీసుకోవచ్చు. నచ్చని కంపెనీని మార్చడానికి అదే అదను. గడువు దాటితే కొత్త కంపెనీ కారును తనిఖీ చేయనిదే పాలసీ ఇవ్వదు. 90 రోజులు దాటితే సంపాదించిన బోనసు పూర్తిగా పోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు యార్డులో రాక ముమ్మరంగా వుండే రోజులలో పడే గడువులను మరచిపోయేవారు ఎక్కువ. ఓన్ డామేజి ముగిసే తేదీ, థర్డ్ పార్టీ ముగిసే తేదీ రెండూ పాలసీ మొదటి పేజీలోనే వుంటాయి. గుమాస్తా చిట్టాలో రెండింటినీ విడివిడిగా, గడువుకు నెల ముందు తేదీన వేయించుకోవాలి.